పెరుగన్నానికి పల్లకీ

ఆఖరి రోజు

ఉదయం వకుళ నాకంటే ముందే లేచింది. మోకాళ్ళకు నూనె రాయమంది, రాశాను. మధ్యాహ్నానికి కొర్రన్నం, సొరకాయ పప్పు, పెరుగు కావాలని గాడిపొయ్యికి కబురు పెట్టింది. నేను డ్యూటీకి బయల్దేరుతుంటే, "వచ్చేటప్పుడు బెండకాయలు దొరుకుతాయేమో చూడండి" అంది. నేను చూస్తానన్నాను. మేము మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే.

మా ఇల్లు ముప్పై రెండో అంతస్తు. ఇళ్ళల్లో పొయ్యి వెలిగించడం నిషేధించి చాలా ఏళ్ళయింది. మేడ అంతటికీ కింద ఒక్కటే వంట. దాన్నే గాడిపొయ్యి అంటాం. ఓపిక ఉన్నవాళ్ళు దిగి తినొస్తారు, లేదా గిన్నె పట్టుకెళ్ళి తెచ్చుకుంటారు. లేనివాళ్ళకు సంచీవాళ్ళు మోసుకొచ్చి ఇస్తారు. ఎండ ముదిరాక, బయట తిరగొద్దని మోగే సైరన్ను ఎండ కూత అంటాం. అది కూసిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా లిఫ్టులు ఆపేస్తారు కాబట్టి వాళ్ళు మెట్లెక్కే రావాలి.

మాకు తెచ్చే సంచీవాడి పేరు తవిటయ్య. అతను కింద "బయల్దేరాను" అని కబురు పెట్టగానే వకుళ ఇన్సులిన్ సూది వేసుకునేది. అతను పైకెక్కేసరికి మందు పని మొదలయ్యేది, అన్నం ఇంకా వేడిగా ఉండేది. ఇద్దరికీ కుదిరిన లెక్క అది. ఒక్కసారీ తప్పలేదు.

నేను ఎండ తలుపుల ఇంజనీరును. కూత కూశాక బయటి తలుపు వదిలి కదలకూడదు, ఫోను పెట్టెలో పెట్టాలి. డ్యూటీ దిగాక పెట్టె తెరిస్తే వకుళ పంపిన మాట ఒకటుంది. "సంచి పందొమ్మిదిలో ఆగిపోయిందట. వెళ్ళి తెచ్చుకుంటాను."

ఇరవై నాలుగో అంతస్తు మలుపు దగ్గర, గోడకు జారబడి కూర్చుని ఉంది. నోట్లో చక్కెర బిళ్ళ ఒకటి సగం కరిగి ఉంది. అది చాల్లేదు.

చుట్టూ ఉన్న వాళ్ళను అడిగితే, చెమటలు పోసి ఏదో గొణుగుతుంటే అలిగి కూర్చుందనుకున్నామన్నారు. ఆవిడ అలా కూర్చున్నప్పుడు ఎవరో ఫోనులో తీసి గోడ మీద పెట్టారు. గోడ అంటే ప్రతి మలుపులోనూ ఉండే పెద్ద తెర, మేడలో వాళ్ళంతా అందులో రాసుకుంటారు. కింద ఎవరో "దొరసానికి మత్తెక్కింది" అని రాశారట. నేను పైకి వచ్చేసరికి బొమ్మ తీసేశారు.

మేడ కమిటీవాళ్ళు రాత్రి కాకముందే వచ్చి, సంచీవాడు ఎండకు తట్టుకోలేక సంచి పందొమ్మిదిలో పడేసి పారిపోయాడని చెప్పారు. అతని పని కార్డు ఆపేశామన్నారు. నేను తల ఊపాను.


మూడో రోజు

ఇంట్లో పనులు చేస్తున్నాను. సూదులు మందుల గదికి తిరిగిచ్చేశాను. వకుళ బళ్ళో భూగోళం చెప్పేది. ఆవిడ పాత పటాల్లో సముద్రం ఇంకా బీచి రోడ్డుకు అవతలే ఉంది. వాటిని బడికి ఇద్దామని చుట్టి పెట్టాను. మళ్ళీ విప్పాను.

గోడ చూడకూడదనుకుంటూనే చూస్తున్నాను. పందొమ్మిదో అంతస్తు శ్రీకర్ మళ్ళీ రాయడం మొదలుపెట్టాడు.

"పల్లకీ" అన్న మాటను అన్నం సంచికి మొదట వాడింది అతనే. రెండేళ్ళ కింద ఒక సంచీవాడు చెమటలు కక్కుతూ మెట్లెక్కుతుంటే ఫోనులో తీశాడు. దాని వెనక బోయీల పాట పెట్టాడు, "ఓహోం ఓహోం" అని. కింద ఇలా రాశాడు: "పక్కకు తప్పుకోండి. ముప్పయ్యో అంతస్తు వారి పెరుగన్నం పల్లకీలో వేంచేస్తోంది." మేడంతా నవ్వింది. నిజం చెప్పాలంటే బాగానే ఉంది ఆ మాట. ఒంట్లో ఏ రోగమూ లేకుండా, ఒక్క ఐసు ముక్క కోసం మండుటెండలో మనిషిని ముప్పై అంతస్తులు ఎక్కించి, కరిగిపోయిందని తిట్టి పంపే వాళ్ళు మా మేడలో ఉన్నారు. వాళ్ళకు ఆ మాట సరిగ్గా తగిలింది.

తర్వాత అందరికీ తగలడం మొదలైంది. సంచి ఎవరి తలుపు దగ్గర ఆగినా పల్లకీయే. "దొరసాని గారి దొండకాయ వేపుడు ఊరేగుతోంది." "కాళ్ళున్న పప్పును మీరెక్కడైనా చూశారా? మా మేడకు రండి." "నమిలి పెట్టే మనిషిని కూడా పంపమంటారా?" పెళ్ళిలో ఎవరైనా రెండోసారి వడ్డించమంటే కూడా "పల్లకీ" అనేవాళ్ళు.

మా తలుపు మీద మొదటిసారి ఆ మాట ఎవరో రాసినప్పుడు వకుళ నవ్వింది. "నా పెళ్ళికే లేదు పల్లకీ. పప్పుకు వచ్చింది. దాని అదృష్టం" అంది. నెల పోయాక నవ్వడం మానేసింది. తలుపు కొద్దిగా తెరిచి, సంచి లోపలికి లాక్కుని, చప్పుడు కాకుండా మూసేది. తవిటయ్యకు మంచినీళ్ళు కూడా తలుపు సందులోంచే ఇచ్చేది.

ఇప్పుడు శ్రీకర్ మేడ పెద్ద పదవికి నిలబడ్డాడు. అతని నినాదం ఒకటే: "కాళ్ళున్నాయి కదా." గెలిస్తే పదో అంతస్తు పైకి సంచులు ఆపించేస్తానంటున్నాడు. మనుషుల చేత మనుషులకు మోయించడం అవమానమట. చప్పట్లు పడుతున్నాయి.

ఈ సాయంత్రం పరామర్శకు వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విప్పి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

"ఆ సంచీవాణ్ణి మాత్రం వదిలిపెట్టకండి విశ్వనాథంగారూ" అన్నాడు. "ఇలాంటి వాళ్ళ మీద ఆధారపడి బతకడమే ప్రమాదం. నేను మొత్తుకునేది అదే."

నేను వకుళ కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూర్చోమన్నాను. కూర్చున్నాడు. మంచినీళ్ళిచ్చాను. తాగాడు.

ఈ రాత్రి తవిటయ్యనే తలుచుకుంటున్నాను. వాడు మెట్ల మీద ఒంటరిగా దొరికితే ఏం చెయ్యాలో ఒక్కొక్కటే ఊహించుకున్నాను. రాయదగ్గవి కావు.


ఆరో రోజు

ముప్పై అయిదో అంతస్తులో పైడితల్లమ్మ అని ఒక ముసలావిడ ఉంటుంది. నడుము పడిపోయింది. ఆవిడకూ తవిటయ్యే మోసేవాడు. కార్డు ఆపేశాక వేరే సంచీవాళ్ళు అంత పైకి రావడం లేదు. తోవలో ఫోనులు పట్టుకుని నిలబడే వాళ్ళంటే భయం. నిన్న నేను మెట్ల దగ్గర విన్నాను, ఆవిడ రెండు రోజులుగా అటుకులు నానబెట్టుకుని తింటోందని. అందుకని డ్యూటీ దిగి ఆవిడ గిన్నె నేను పట్టుకెళ్ళాను.

"ఏటి నాయినా, ఇంజనీరువు సంచీ మోస్తన్నావు" అంది. "రేపు నీ బొమ్మా ఏస్తారు గోడ మీద."

"వెయ్యనివ్వండి."

"ముందు ఆ మూత తియ్యి. ఏటి కూర?"

"వంకాయ."

"ఉప్పెక్కువేసినాడా గాడిపొయ్యి కూర్మారావు?"

"నేను తినలేదండీ."

"పెళ్ళాం పోయిన మొగోడివి, తినకపోతే ఎవులు తిట్టాల నిన్ను? నాకే తప్పదు. కూకో."

నా ముందే సగం తీసి మూతలో పెట్టింది. తిన్నాను. తింటుండగా ఆవిడ తవిటయ్య సంగతి ఎత్తింది.

"ఆ గుంటడు వొట్టిపున్నేనికి సంచీ ఒగ్గీసి పారిపోయే రకం కాదు. తుఫానుకి మెట్లల్లో నీళ్ళు జారతంటే గోడలు పట్టుకుని ఎక్కొచ్చినాడు. మీ కమిటీవోళ్ళు సెప్పింది ఇన్నావు గానీ, ఆడినేటైనా అడిగినావా?"

"అడగడానికి ఏముంది?"

"దించుడాట సంగతి తెలీదేటి నీకు?"

తెలుసు, గోడ మీద చూశాను. సంచీవాణ్ణి సగం తోవలో ఆపుతారు. "పల్లకీ దించు" అంటారు. దింపాక, తెప్పించుకున్న వాళ్ళకు కబురు పెట్టిస్తారు, వచ్చి పట్టుకెళ్ళమని. వాళ్ళు ఆయాసపడుతూ దిగుతుంటే బొమ్మ తీస్తారు. ఆటే. ఎవరికీ ఏమీ కాలేదు అప్పటిదాకా.

పైడితల్లమ్మ నా ముఖంలోకి చూసింది. గిన్నె కడిగి ఇమ్మంది.


పదో రోజు

పిండం పెట్టాను.

కాకులు పోయి చాలా కాలమైంది. ఈ వేడికి మొదట పోయినవి అవే. అప్పట్నుంచి మా మేడల్లో కాకి పని సంచీవాళ్ళకు వచ్చింది. పోయినవాళ్ళకు ఆఖరుసారి అన్నం మోసినవాడు వచ్చి పిండంలోంచి ఒక ముద్ద తింటాడు. అలా తినడమంటే పోయినవాళ్ళ ఆకలి తన మీద వేసుకోవడం. ముట్టినవాడు ఏడాదిపాటు ఆ ఇంటి అంతస్తులోనూ, ఆ పైనా లేవలేని వాళ్ళు ఎవరున్నా వాళ్ళ అన్నం కూలి లేకుండా మోస్తాడు. దీన్ని తప్పిన సంచీవాడు ఇంతవరకు లేడు. ఎవరూ ముట్టకపోతే మాత్రం ఆ ఇంటి వాళ్ళు ఇంకొకరికి అన్నం పెట్టకూడదు. రోజూ పిండం కొత్తగా కలిపి ఉంచాలి. అది తప్ప ఆ ఇంటికి వేరే ముద్ద లేదంటారు.

అంటే నేను తవిటయ్యను పిలవాలి. వేరే దారి లేదు. పిలిచాను.

కూత కూయకముందే మేడ పైకి వెళ్ళాం. ఆకు మీద పెరుగన్నం, నువ్వులు. నలుగురు చుట్టాలు ఉన్నారు. శ్రీకర్ కూడా వస్తానన్నాడట గానీ ప్రచారంలో ఉన్నాడు. తవిటయ్య తల దించుకుని వచ్చాడు. కార్డు లేదు కాబట్టి సంచీవాళ్ళకిచ్చే, ఒంటిని చల్లగా ఉంచే చొక్కా కూడా లేదు. మామూలు చొక్కా తొడుక్కున్నాడు. మనిషి సన్నబడ్డాడు.

ఆకు ముందు కూర్చున్నాడు. చెయ్యి చాపాడు. వెనక్కి తీసుకున్నాడు.

"నాను ముట్నేను బాబూ."

చుట్టాల్లో ఒకాయన గదిమాడు. "ఏంరా, పడేసి పోయింది చాలక ఇప్పుడు ఇదొకటా?"

"మోసిన సేత్తోటే దించీసినాను. ఆ సేత్తో అమ్మ ముద్ద ఎలా ముడతాను? ఏడాది కాదు, పదేళ్ళయినా పైడితల్లమ్మకి మోస్తాను. ఇది మాత్రం ముట్నేను."

నేను చుట్టాలను దిగిపొమ్మన్నాను. దిగిపోయారు. ఇద్దరమే మిగిలాం.

"ఎవరు దించమన్నారు?" అన్నాను.

నువ్వుల వైపు చూస్తూ చెప్పాడు.

"శ్రీకర్ బాబు. ఇంకో ఇద్దరున్నారు గానీ ఆల్లు ఊరికే నవ్వుతున్నారు. తోవకి అడ్డం కూకున్నాడు. పల్లకీ దించరా, ఓట్లొస్తన్నాయి, ఒక మంచి బొమ్మ కావాలన్నాడు. అమ్మ సూదేసీసుకున్నాది బాబూ, నాను బయల్దేరినానని సెప్పీసినాను, లేటైతే మడిసికి పెమాదం, ఒగ్గీయండి అన్నాను."

"ఆ మాట అన్నావా? సూది మాట?"

"రెండు సార్లు అన్నాను."

"దానికి ఏమన్నాడు?"

"సూదేసుకున్నావిడకి కాళ్ళు లేవా అన్నాడు. అందరూ నవ్వినారు. సంచీ నా బుజం మీంచి లాగీసి, ఆడే కూకున్నాడు దాని మీద. నా ఫోనులోంచి అమ్మకి కబురు ఆడే ఎట్టినాడు. నాను కిందకి పరిగెట్టినాను, ఇంకో గిన్నె కట్టించుకుని రెండో మెట్ల తోవన ఎక్కుదామని. కూర్మారావు బాబు కట్టిచ్చినాడు కూడాను. ఎక్కేసరికి అమ్మ తలుపు తీసి ఉన్నాది. ఇంట్లో లేదు."

పారిపోయాడన్నది ఆ పరుగునే.

"కమిటీకి చెప్పలేదేం?"

"సెప్పినాను. కార్డు తిరిగి కావాలంటే నోరు మూసుకోమన్నారు." మొదటిసారి తలెత్తి చూశాడు. "నాను మూసుకున్నాను. అందుకే ముట్నేను."

కూత కూసింది. ఆకు తీసుకుని కిందికి వచ్చేశాం. ఆ అన్నం అలాగే ఉంది.


పన్నెండో రోజు

కమిటీ దగ్గరికి వెళ్ళాను. విన్నారు. బొమ్మ ఇప్పుడు గోడ మీద లేదు కదా అన్నారు. సంచీవాడి మాట ఒక్కటీ పట్టుకుని ఎన్నికల ముందు ఇలాంటివి ఎత్తడం బాగుండదన్నారు. "సరదాకి చేసింది విశ్వనాథంగారూ, ఎవరైనా కావాలని చేస్తారా" అన్నారు. తలుపు దాకా సాగనంపారు.

శ్రీకర్ గురించి నాకు తెలిసినంత ఆరా తీశాను. ఏదైనా దొంగతనం దొరుకుతుందేమోనని, తనే చాటుగా సంచి తెప్పించుకుంటాడేమోనని. లేదు. రోజూ తన అన్నం తనే మోసుకుంటాడు. పందొమ్మిది అంతస్తులూ దిగి ఎక్కుతాడు. ఆ విషయంలో అతను చెప్పేదే చేస్తాడు. అతని కాళ్ళు మంచివి.

ఇవాళ మధ్యాహ్నం నేను బయటి తలుపు దగ్గర ఉన్నాను. కూత కూసేసింది. తలుపు మూసేశాను. పక్క మేడలో ప్రచారం ముగించుకుని శ్రీకర్ పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. ఒంటరిగా ఉన్నాడు. గాజులోంచి నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేల మీంచి వేడి పొగలా లేస్తోంది. తలుపు మీద కొట్టాడు. మళ్ళీ కొట్టాడు.

నా చెయ్యి తలుపు పిడి మీదే ఉంది. కూత తర్వాత తలుపు తియ్యాలా వద్దా అన్నది ఇంజనీరు ఇష్టానికే వదిలేశారు. లోపలి వాళ్ళకు ప్రమాదమనుకుంటే తియ్యక్కర్లేదు. ఎవరూ ప్రశ్నించరు. అతని ముఖం ఎర్రబడింది. పెదాలు కదులుతున్నాయి, మాట వినపడటం లేదు. వకుళ మాట కూడా అలాగే ఎవరికీ వినపడి ఉండదు.

తలుపు తీశాను. జాలిపడి కాదు. చచ్చినవాడు ఏమీ మోయడు.

రెండు తలుపుల మధ్య చిన్న గది ఉంటుంది. వేడి తగ్గేదాకా అక్కడే ఆగాలి. గోడకు ఆనుకుని రొప్పుతున్నాడు. నీళ్ళిచ్చాను.

"ప్రాణం కాపాడారు" అన్నాడు. "ఇంకొంచెం ఆలస్యమైతే పోయేవాణ్ణి."

"అవును. పోయేవాడివి."

"మీ ఋణం ఉంచుకోను సార్. ఏం కావాలో చెప్పండి."

"ఒక్కటి అడుగుతాను. ఆ రోజు సంచి దించింది ఎవరు?"

నీళ్ళ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగింది. తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"అబద్ధం చెప్పను. నేను అక్కడ ఉన్నాను. ఏదో నవ్వులాటలో జరిగింది. ఆ ఇంట్లో ఎవరుంటారో కూడా నాకు తెలియదు. ఆవిడ సూది సంగతి నాకెలా తెలుస్తుంది చెప్పండి? తెలిస్తే నేనే ఎత్తుకుని ఎక్కేవాణ్ణి."

"నీకు ఎవరూ చెప్పలేదా?"

"లేదు సార్. మా అమ్మ మీద ఒట్టు."

నేను అతని వైపు చూశాను. నలభై ఏళ్ళుంటాయి. ముఖం మంచి ముఖం. ఏడవడానికి సిద్ధంగా ఉంది.

"అయినా" అన్నాడు, గొంతు తగ్గించి, "మరోలా అనుకోవద్దు గానీ, ఎనిమిది అంతస్తులు దిగారు కదా ఆవిడ. అంటే నడవగలరనే కదా. మనమే అలవాటు చేసి వాళ్ళను కూర్చోబెట్టేస్తున్నాం. నేను పోరాడేది మనుషుల మీద కాదు, ఆ అలవాటు మీద."

ఖాళీ గ్లాసు అతని చేతిలోంచి తీసుకున్నాను. దాన్ని అతను వేరేలా అర్థం చేసుకున్నాడు. దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఎల్లుండి ఎన్నిక, ముద్దల పొద్దు కదా. మొదటి ముద్ద మీ ఇంటిదే తింటాను. మేడంతా చూస్తుంది. మనిద్దరి మధ్య ఏ చెడూ లేదని తెలుస్తుంది. మీ మనసూ తేలికపడుతుంది. ఇవాళే గోడ మీద రాసేస్తాను. కాదనకండి."

"రాయి" అన్నాను. "నేను తెస్తాను."

లోపలి తలుపు తెరుచుకుంది. నాకు నమస్కారం పెట్టి వెళ్ళాడు. నేను పైకి చేరేసరికి రాసేశాడు కూడా. "భార్యను పోగొట్టుకున్న విశ్వనాథంగారి ఇంటి ముద్దే నాకు మొదటి ఆశీర్వాదం. ఏ ముద్దయినా సరే, నోరు తెరిచి తింటాను." చాలామంది చేతులు జోడించారు.


పదమూడో రోజు

ముద్దల పొద్దు సంగతి రాసి ఉంచాలి. పొయ్యిలన్నీ ఆపి గాడిపొయ్యి పెట్టిన కొత్తలో, ఒకరి ఇంటి అన్నం ఒకరు తినేది లేదని గొడవలు పడ్డారు. అప్పుడు ఒకాయన గాడిపొయ్యి ముందు కూర్చుని ప్రతి ఇంటి వాళ్ళ చేత ఒక్కో ముద్ద పెట్టించుకుని తిన్నాడు. ఆయన్నే మొదటి పెద్దగా ఎన్నుకున్నారు. అప్పట్నుంచి ఎన్నిక రోజు పొద్దున్నే, ఓట్లకు ముందు, నిలబడ్డ వాళ్ళంతా ప్రతి ఇంటి ముద్దా తినాలి. ఎవరి ముద్ద వద్దన్నా అతని పేరు అక్కడికక్కడే చెరిపేస్తారు. చెరిపేది గాడిపొయ్యి పెద్ద వంటవాడు. ఇప్పుడు కూర్మారావు. కమిటీకి అందులో జోక్యం లేదు.

ఉదయం కూర్మారావు దగ్గరికి వెళ్ళాను. పప్పు గుండిగలో గరిటె తిప్పుతున్నాడు.

"మా ఇంటి పిండం ఎవరూ ముట్టలేదు" అన్నాను.

"ఇన్నాను."

"అలాంటప్పుడు మా ఇంటి ముద్ద ఏది?"

గరిటె ఆపాడు. నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. పెద్ద మనిషి. ఆ రోజు తవిటయ్యకు రెండో గిన్నె కట్టిచ్చింది ఇతనే.

"అదే" అన్నాడు. "ముట్టిందాకా వేరే ముద్ద ఉండదు ఆ ఇంటికి."

"దాన్ని రేపు తేవచ్చా?"

"తేవొచ్చా అంటావేటి. అది తప్ప ఇంకోటి తెస్తే నానే ఒల్లకోను."

"తిన్నవాడు ఏడాది మొయ్యాలి కదా. సంచీవాడు కాకపోయినా?"

"ఆకలికి సంచీవోడేటి, బంట్రోతేటి, మేడ పెద్దేటి? ముట్టినోడు మోస్తాడు. మొయ్యకపోతే ఈ పొయ్యి మీంచి ఆడికి మెతుకు రాదు." మళ్ళీ గరిటె తిప్పడం మొదలుపెట్టాడు. కొంచెం ఆగి, "ఆడు తినడు, ఇస్వనాదం. తెలిసినాక తినడు" అన్నాడు.

"తినకపోతే?"

"పేరు సెరిపీడానికి నాకు మసిబొగ్గు సాలు."

సాయంత్రం పైడితల్లమ్మకు గిన్నె పట్టుకెళ్ళాను. తవిటయ్య అప్పటికే అక్కడ ఉన్నాడు. కార్డు లేకుండానే ఎక్కి వచ్చాడట, మంచినీళ్ళు పట్టి పెట్టడానికి. ఇద్దరికీ చెప్పాను, రేపు ఏం చెయ్యబోతున్నానో.

తవిటయ్య భయపడ్డాడు. "తిండి దగ్గర పగ ఎట్టుకోకూడదంటారు బాబూ."

"పగ అక్కడే మొదలైంది తవిటయ్యా. నేను వేరే చోటికి తీసుకెళ్ళడం లేదు."

"మరి ఆడు తినీసినాడనుకో?" అంది పైడితల్లమ్మ. "సిగ్గు లేనోడు గబుక్కున మింగీగలడు."

"తింటే రేపు మధ్యాహ్నం నుంచి మీ వంకాయ కూర అతనే మోస్తాడు. ఎండ కూత కూశాక, లిఫ్టు లేకుండా. ఏడాది."

ముసలావిడ ఆలోచించింది.

"అలగైతే రోజూ మరిసిపోయి కిందకి పంపిస్తాను. అయ్యో ఉప్పు మరిసినావు నాయినా, మళ్ళీ దిగు అంటాను."

తవిటయ్య నవ్వకుండా ఉండాలని చూశాడు. కుదరలేదు. నాకు నవ్వు రాలేదు గానీ, అక్కడే కూర్చుని అన్నం తిన్నాను. వకుళ పోయాక ఆకలి తెలిసి తినడం ఇదే మొదలు.

దిగేటప్పుడు తవిటయ్య మెట్ల దగ్గర ఆగాడు. "నానూ రానా బాబూ? పది మందిలో నన్నడుగుతారు గదా. సూది మాట నానన్నానా లేదా అని."

"అడుగుతారు. చెప్తే కార్డు ఇక రాదు."

"సెప్తాను" అన్నాడు. "ఈసారి మూసుకోను."

ఇంటికి వచ్చి గోడ చూశాను. శ్రీకర్ రాసిన దాని కింద ఇప్పటికి వందల మంది చేతులు జోడించి ఉన్నారు. ఆ రోజు "మత్తెక్కింది" చూసి నవ్విన వాళ్ళే చాలామంది. వాళ్ళంతా రేపు వస్తారు. వాళ్ళంతా రావాలనే నా కోరిక. అతను ఒక్కడే చూస్తే చాలదు.

వకుళ బతికుంటే వద్దనేదేమో. ఆవిడకు ఎవరినైనా నలుగురిలో నిలబెట్టడం ఇష్టముండేది కాదు. బళ్ళో పిల్లలను కూడా పక్కకు పిలిచి తిట్టేది. కానీ ఆవిడను నలుగురిలోనే కూర్చోబెట్టి చంపారు. అడిగే హక్కు ఇప్పుడు నాకే ఉంది.

అన్నం, పెరుగు తెచ్చి పెట్టుకున్నాను. నువ్వులున్నాయి.

రేపు ఉదయం స్నానం చేసి పిండం కలుపుతాను. లిఫ్టు ఉన్నా ఎక్కను. ఆకు రెండు చేతులతో పట్టుకుని ముప్పై రెండు అంతస్తులూ మెట్ల మీదే దిగి, గాడిపొయ్యి దగ్గర అందరికంటే ముందు నిలబడతాను. ఇది వకుళ పిండమని, ఎవరూ ముట్టలేదని, ఎందుకు ముట్టలేదో తవిటయ్య చెప్తాడని, అక్కడున్న అందరికీ వినపడేలా చెప్తాను. తర్వాత ముద్ద తీసి శ్రీకర్ నోటి ముందు చెయ్యి చాపుతాను. అతను నోరైనా తెరవాలి, కూర్మారావు అతని పేరైనా చెరపాలి. రెండిట్లో ఒకటి జరిగేదాకా చెయ్యి వెనక్కి తీసుకోను.